అడిగే సెడ్ పిట్ట, అడగని సెడ్ పిట్ట

ఒకప్పుడు నల్లతెర లోకంలో ఏ పిట్టను ఏ మూల పిలిచినా ఒకే తీరున పలికేది, ఒకే తీరున పని చేసేది.

ఆ లోకం ఎక్కడో లేదు. కంప్యూటరులోనే ఉంది. మీరు రంగురంగుల బొమ్మల మీద నొక్కి ఆడుకుంటారు చూడండి, ఆ బొమ్మల వెనకాల ఉంది. అక్కడికి వెళ్తే బొమ్మలుండవు. ఏడు అమావాస్యలు కలిపి నూరి పూసినంత నలుపు ఉంటుంది. ఆ నలుపులో ఒకే ఒక్క మిణుగురు రెప్పలార్పుతూ కూర్చుంటుంది. దాని పక్కన ఒక ఆజ్ఞ రాస్తే, గాలి దాన్ని మోసుకుని కిందికి దిగుతుంది. ఆ ఆజ్ఞలో ఎవరి పేరుంటే ఆ ప్రాణి లేచి పని చేసిపెడుతుంది.

మనం ఫైలు అనేదాన్ని అక్కడివాళ్లు ఆకు అంటారు. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఆ లోకానికంతా పెద్దదిక్కు యూనిక్స్ కొండ. కొండమ్మ అని పిలిచేవారు. ఆవిడ ఎంత ముసలిదంటే, చందమామకు పాలపళ్లు ఊడినప్పుడు ఒళ్లో వేసుకుని ఊరుకోబెట్టింది ఆవిడే. ఆవిడ మీద పుట్టిన ప్రతి ప్రాణికీ ఒక్కటే పని నేర్పింది. రెండో పని అడిగితే నేర్పేది కాదు. ఆ ఒక్క పనిలో మాత్రం బ్రహ్మదేవుడు దిగివచ్చి భూతద్దం పెట్టి చూసినా వంక దొరకకూడదు.

గ్రెప్ అనే కొంగ ఉండేది. వాగులో ఒంటికాలి మీద నిలబడేది. లక్ష వరసల మాటలు నీళ్లతో పాటు కొట్టుకొస్తుంటే, అడిగిన మాట ఉన్న వరసల్ని మాత్రం ముక్కుతో ఏరి ఒడ్డున వేసేది. ఆరెమ్ అనే చెదపురుగు ఉండేది. ఆకు చూపిస్తే తినేసేది. "ఎందుకు" అన్న మాట దాని పుట్టలోనే లేదు.

సెడ్ అనే కుట్టుపిట్టలు ఉండేవి. ఈ కథ వాళ్లది.

సెడ్ పిట్ట పని మాట మార్చడం. ఆకు మీద ఉన్న పాత మాటను తీసి, ఆ చోట కొత్త మాటను పెట్టడం. అయితే ఆ రోజుల్లో పిట్ట ఆకు మీద ముక్కు ఆనించేది కాదు. వరసలు ఒక్కొక్కటీ చదువుతూ, మార్చిన మాటతో పైకి పాడేది. ఆ పాటను వాగు తీసుకుపోయి మరో కొత్త ఆకు మీద దింపేది. పాత ఆకు పాత ఆకులాగే ఉండేది. "మీకు ఇచ్చింది గొంతు. పాడండి. ఆకు జోలికి పోకండి" అని కొండమ్మ గుడ్డులో ఉండగానే చెప్పేది.

కొండమ్మ ఇంకో ఆచారం కూడా పెట్టింది. పని సరిగ్గా జరిగితే ఎవరూ నోరు విప్పకూడదు. "అయింది" అని కూడా అనకూడదు. తప్పు జరిగితేనే అరవాలి. అక్కడ మౌనం అంటే అంతా బాగుందని అర్థం. ఏడు లోకాల్లోనూ ఇంత పొదుపైన మర్యాద మరొకటి లేదు.

కాలం గడిచేకొద్దీ కొండ మీద చోటు చాలలేదు. పిట్ట రెక్క విప్పితే పక్క గూటి పిట్ట కంట్లో గుచ్చుకునేది. దానికి తోడు కొండ చుట్టూ కంచె పడింది. కొందరు ప్రాణులు కట్టుబట్టలతో, అంటే ఉన్న ఈకలతో, బయటికి వెళ్లి వేరే చోట్ల గూళ్లు కట్టుకున్నారు.

ఒకే గూట్లో పుట్టిన అక్కాచెల్లెళ్లు రెండు సెడ్ పిట్టలు కూడా అలాగే విడిపోయారు. వాళ్ల కులంలో అందరికీ ఒకటే పేరు కాబట్టి ఇద్దరూ సెడ్‌లే. మనం అక్క, చెల్లెలు అనుకుందాం.

అక్క శూలాల తోపుకు వెళ్లింది. బీఎస్‌డీ అంటారే, అదే. ఆ తోపుకు పెద్ద ఒక ఎర్రటి ముసలాయన. నెత్తిన రెండు కొమ్ములు, చేతిలో శూలం. చూస్తే గుండె జారుతుంది గాని చీమ అడ్డొస్తే పక్కకు తప్పుకుని నడిచే మనిషి. కొమ్ముల పెద్దయ్య అనేవారు.

చెల్లెలు మంచుదేశం వెళ్లింది. దాన్ని లినక్స్ అంటారు. అక్కడ ఉండేది పెంగ్విన్‌లు. మంచుదేశంలో చెట్టు లేదు. ఆకు దొరకడమంటే మనకు పులిపాలు దొరికినట్టు. ఒక్కో ఆకునూ పెంగ్విన్‌లు మూడు తరాలు వాడుకునేవి. మరి పాడిన పాటను దింపడానికి కొత్త ఆకు ఎక్కడినుంచి వస్తుంది? చెల్లెలు ఆలోచించి ఆలోచించి ఒక కొత్త తీరు పట్టింది. పాత ఆకు మీదే ముక్కు పెట్టి, పాత మాట కుట్లు విప్పి, అక్కడే కొత్త మాట కుట్టేది. దానికి "ఉన్నచోటే" అని పేరు పెట్టింది. మంచుదేశం వాళ్లు ఆ తీరు చూసి పొట్టలు నేలకేసి జారుతూ పండగ చేసుకున్నారు.

నల్లతెర లోకంలో ఆజ్ఞ ఇవ్వడానికి ఒక వరస ఉంది. ముందు పేరు, తర్వాత తీరు, తర్వాత పని, చివర ఆకు. పేరు, తీరు, పని, ఆకు. ఈ వరస తప్పితే ఎవరూ కదలరు.

ఇలా ఉండగా శూలాల తోపులో కరువు వచ్చింది. మామూలు కరువు కాదు. చేపలు దుమ్ములో పడి తుమ్మాయి. చెట్ల నీడలు కూడా ఎండి, ముట్టుకుంటే పొడి రాలేది. తోపులో ఒక్క పచ్చాకు మిగల్లేదు.

వాన ఎక్కడ కురవాలో మొయిలు తాతకు ఒక ఆకు చెప్పేది. మొయిలు తాత అంటే ముసలి మబ్బు. ఏడాదికి ఒక్కసారి తోపు మీదుగా వెళ్లేవాడు. వాన ఆకును చూసి, అందులో ఉన్న నూట ఎనిమిది వరసల్నీ ఒక్కొక్కటే చదివి, ఏ వరసలో ఏ చోటు పేరుంటే అక్కడ ఒక వాన కురిసి వెళ్లేవాడు. ఆ వాన ఆకును కాపాడే పని కొమ్ముల పెద్దయ్య అక్క పిట్టకు అప్పజెప్పాడు.

తోపు చివర ఒక మడుగు ఉంది. అందులో గవరమ్మ అనే కప్ప కాపురం. మూడేళ్లుగా ఆ మడుగు మీద చుక్క పడలేదు. రేపు మొయిలు తాత వస్తాడనగా, పొద్దున్నే గవరమ్మ ఎగురుకుంటూ అక్క గూటి కిందికి వచ్చింది. ఆ సమయానికి చెల్లెలు కూడా అక్కడే ఉంది. అక్క మూడు గుడ్లు పెట్టిందని తెలిసి చూసిపోదామని మంచుదేశం నుంచి వచ్చింది.

"ఏమే పిట్టా, ఇంట్లో ఉన్నావా?" అంది గవరమ్మ.

"గుడ్ల మీదున్నాను వదినా. చెప్పు."

"నీకు మూడు గుడ్లు. నాకు పదివేల మంది తోకపిల్లలు. మడుగులో మిగిలింది చారెడు నీళ్లు. వంతులేసుకుని తడుస్తున్నారు. ఒక వంతు వాళ్లు మునిగితే మిగతావాళ్లు గట్టున నోరు తెరుచుకుని కూర్చుంటున్నారు. రేపు వాన రాకపోతే ఎల్లుండికి నన్ను పలకరించడానికి రానక్కర్లేదు."

"తాత మీ మడుగు మీద ఎందుకు కురవడం లేదు?"

"మడుగని ఆకులో ఉంటే కదా. మూడేళ్ల కిందట అక్కడ బోడిగుట్ట ఉండేది. అది కూలి గొయ్యి పడింది, గొయ్యి మడుగైంది. ఆకులో ఇంకా గుట్ట అనే ఉంది. తాత వస్తాడు, ఆకు చదువుతాడు, గుట్ట కోసం అటూ ఇటూ చూస్తాడు. కనపడదు. వెళ్లిపోతాడు. ఆ ఒక్క వరస మార్చిపెట్టమ్మా."

"మార్చడానికేం, పాడతాను. పాటను దింపడానికి కొత్త ఆకు కావాలి వదినా. తోపు మొత్తం మోడైపోయింది. ఆకు ఎక్కడుంది?"

గవరమ్మ గొంతు కింద చర్మం కొట్టుకుంటూ ఉంది. ఎండకు వీపు మీద పగుళ్లు వచ్చాయి. ఆ పగుళ్లలో చీమలు నిలబడి తొంగిచూస్తున్నాయి.

చెల్లెలు గూటి అంచుకు వచ్చింది.

"అక్కా, నేను కుట్టనా? కొత్త ఆకు అక్కర్లేదు. ఉన్నచోటే కుట్టేస్తాను."

"ఉన్నచోటే అంటే? మరి పాత ఆకు ఏమవుతుంది?"

"ఏమవుతుంది, కొత్తదవుతుంది."

"కొండమ్మ ఆకు జోలికి పోవద్దంది కదే."

"కొండమ్మ మంచుదేశంలో ఒక్క చలికాలం ఉంటే ఆ మాట అనేది కాదు. అక్కడ ఏడేళ్లుగా కుడుతున్నా. ఒక్క ఆకు చిరగలేదు."

అక్క గుడ్ల వైపు చూసింది. గవరమ్మ వైపు చూసింది. వాన ఆకు తన కాపలాలో ఉంది. వద్దనడానికి తనకు హక్కుంది. పదివేల మంది వంతులేసుకుని తడవడం కళ్లముందు కనపడి, ఆ హక్కు గొంతులోనే ఆగిపోయింది.

"సరే. ఆజ్ఞ ఇవ్వు వదినా" అంది.

గవరమ్మ జీవితంలో ఎప్పుడూ ఆజ్ఞ ఇవ్వలేదు. వరసలో చెప్పింది. పేరు, తీరు, పని, ఆకు.

"సెడ్. ఉన్నచోటే. గుట్ట అని ఉన్న వరస తీసి గవరమ్మ మడుగు అని పెట్టు. వాన ఆకు."

చెల్లెలు ముక్కు వంచింది. ఆ ముక్కు వేగానికి గాలికి పొగలు వచ్చాయి. మొదటి వరసలో గుట్ట లేదు, వదిలేసింది. రెండో వరసలో ఉంది, కుట్టింది. మూడులో లేదు. నాలుగులో ఉంది. ఇలా నూట ఎనిమిది వరసలూ పూర్తిచేసి రెక్కలు ముడుచుకుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

సెడ్ పిట్టలకు ఒక గుణం ఉంది. ఒక వరస చదివి కిందికి దిగాక, పై వరస గుర్తుండదు. ఎప్పుడూ ముక్కు కింద ఉన్న వరసే వాళ్ల లోకం. కాబట్టి తను ఎన్ని వరసలు మార్చిందో చెల్లెలికి తెలియదు. చెల్లెలు మౌనంగా ఉంది కాబట్టి అంతా బాగుందని అక్క అనుకుంది. అక్క మౌనంగా ఉంది కాబట్టి గవరమ్మ అనుకుంది. ముగ్గురూ మర్యాదగా ఒకరికొకరు తలలూపుకుని విడిపోయారు.

ఆ తోపు చుట్టూ నలభై గుట్టలున్నాయి. నక్కలగుట్ట, తేనెగుట్ట, గొర్రెలగుట్ట, అలా. గవరమ్మ ఆజ్ఞలో బోడిగుట్ట అనలేదు. గుట్ట అంది.

మర్నాడు పొద్దున మొయిలు తాత వచ్చాడు. ఆయన కడుపు ఎంత పెద్దదంటే ముందుభాగం వచ్చిన గంటకు వెనకభాగం వచ్చింది. ఆకును చూశాడు. మొదటి వరసలో చెరువు పేరుంది, అక్కడ కురిశాడు. రెండో వరస చదివాడు.

"గవరమ్మ మడుగు. కొత్త పేరే. మంచిది" అన్నాడు.

కురిశాడు. మూడేళ్ల తర్వాత మొదటి చినుకు. ఒక్కో చినుకు గుమ్మడికాయంత ఉంది. తోకపిల్లలు వంతులు మానేసి అందరూ ఒక్కసారే నీళ్లలో దూకారు. గవరమ్మ గట్టు మీద కూర్చుని, ఏడుపో నవ్వో తెలియకుండా, బెకబెకమంది. మడుగు నిండింది.

తాత నాలుగో వరస చదివాడు.

"గవరమ్మ మడుగు" అన్నాడు. మళ్లీ కురిశాడు.

ఏడో వరస. గవరమ్మ మడుగు. ఎనిమిది. గవరమ్మ మడుగు. మడుగు గట్టు దాటింది.

"తాతా, చాలు. కడుపు నిండింది. ఇక వెళ్లిరా" అంది గవరమ్మ.

"చాలో చాలదో నాకేం తెలుసమ్మా. రాసింది చదువుతున్నాను."

"ఒకే చోట ఇన్నిసార్లు ఎవరు రాస్తారు తాతా?"

"రాసినవాళ్లను అడుగు. నేను కురిసేవాణ్ణి."

పదో వానకు గట్టు తెగింది. ఇరవయ్యో వానకు మడుగు ఎక్కడుందో మడుగుకే తెలియలేదు. ముప్పయ్యో వానకు నీళ్లు తాటిచెట్ల తలల మీదుగా పోయాయి, ఆ తడి తగిలి ఆకాశం తుమ్మింది. నలభై ఒకటో వాన కురిసి, మిగతా వరసలు చదువుకుంటూ తాత వెళ్లిపోయాడు. ఆ ఏడు నలభై గుట్టల మీద చినుకు పడలేదు.

నీళ్లు తీశాక చూస్తే, మడుగులో ఒక్క తోకపిల్ల లేదు. పదివేల మందినీ వరద తోపు దాటించి తీసుకుపోయింది.

గవరమ్మ ఒక బండ మీద కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి నోరు మూసుకుని కూర్చుంటే, అక్కకు చూడటం కష్టమైంది.

కొమ్ముల పెద్దయ్య శూలం ఆనించుకుని వచ్చాడు. గ్రెప్ కొంగను పిలిపించాడు.

"ఆకులో గవరమ్మ మడుగు అని ఎన్ని వరసలున్నాయో ఏరిపెట్టు" అన్నాడు.

కొంగ ఏరింది. "నలభై ఒకటి" అంది.

"అందులో ముందు ఏ పేర్లుండేవి?"

"నేను ఉన్నవాటిని ఏరతాను పెద్దయ్యా. లేనివాటిని ఏరడం నాకు నేర్పలేదు."

పెద్దయ్య అక్క వైపు తిరిగాడు. "పాత ఆకు ఏదమ్మా?"

అక్క చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు మాట్లాడలేదు. ఆ లోకం పుట్టాక ఒకరి మౌనానికి అంతా బాగుందని కాక వేరే అర్థం రావడం అదే మొదటిసారి.

"పాత ఆకు లేదు పెద్దయ్యా. దాని మీదే కుట్టాం" అంది అక్క.

"మొయిలు తాతకైనా గుర్తుంటాయా?"

దూరం నుంచి తాత గొంతు ఉరుములా వినపడింది. "గుర్తుంటే ఆకెందుకు నాయనా?"

ఇలాగే వదిలేస్తే వచ్చే ఏడు మళ్లీ నలభై ఒక్క వానలూ ఇక్కడే పడతాయి. గుట్టల మీద బతికేవాళ్లు దాహంతో చస్తారు. అక్క గూట్లోంచి లేచింది.

"చెల్లీ, నా గుడ్ల మీద కూర్చో."

"ఎక్కడికక్కా?"

"గుట్టల దగ్గరికి. వాళ్ల పేర్లు వాళ్లనే అడుగుతాను."

"నేను వెళ్తాను. చేసింది నేను."

"కాపలా నాది. సరే అన్నది నేను. నువ్వు కూర్చో, గుడ్లు చల్లారుతున్నాయి."

చెల్లెలు కూర్చుంది. మంచుదేశంలో ఏడేళ్లుండి వచ్చిన పొట్ట కదా, వెచ్చదనం చాలక, తన ఈకలు తనే పీకి గుడ్ల కింద పరిచింది. నలభై రోజులు గూటి నుంచి కదల్లేదు. గింజ ముట్టలేదు. చివరికి ఆమె నీడ ఆమెకంటే బరువుగా ఉండేది.

అక్క రోజుకొక గుట్ట దగ్గరికి ఎగిరింది. పోయి ఆ గుట్ట నెత్తిన వాలి, "అమ్మా, నిన్ను ఏమంటారు?" అని అడిగేది. నక్కలు బతికే గుట్ట "నక్కలగుట్టనమ్మా, ఈ ఏడు నా మీద చినుకు పడలేదేం?" అనేది. అక్క జరిగింది దాచకుండా చెప్పేది. గుట్టలు పెద్ద మనసుగలవి. కొన్ని కసిరాయి, కొన్ని పోనీలే అన్నాయి. తేనెగుట్ట మాత్రం ఒక మాట అంది. "నా పేరు మార్చేముందు నన్నొకసారి అడిగితే ఏం పోయేది?"

ఆ మాట అక్క గుండెలో ముల్లులా దిగింది.

దారిలో ఎక్కడ గుంట కనిపించినా అక్క కిందికి వంగి చూసేది. ఎద్దు గిట్ట గుంటలో ఒక తోకపిల్ల, బండ నెర్రెలో నలుగురు. సాయంత్రానికల్లా వచ్చి గవరమ్మకు గుర్తులు చెప్పేది. గవరమ్మ గుంట గుంటకూ ఎగిరి, పేరుపేరునా పిలిచింది. పదివేల పేర్లు, ఒక్కటీ మరిచిపోలేదు. తొమ్మిది వందల మంది పలికారు. మిగతావాళ్లు పలకలేదు. వాన పడితే చాలు, కప్పలు ఇవాళ్టికీ ప్రతి గుంట దగ్గరా గొంతు చించుకుని పిలిచేది ఆ పేర్లే.

ముప్పై తొమ్మిది రోజులకు ముప్పై తొమ్మిది పేర్లు దొరికాయి, వాటిని వాన ఆకు మీద తిరిగి కుట్టారు. నలభయ్యో గుట్ట మీద ప్రాణి లేదు. అది పుట్టుమూగ. అక్క దాని నెత్తిన వాలి పొద్దంతా అడిగింది. అది గాలిని ఆపి ఆపి వదిలింది గాని మాట రాలేదు. ఆ వరస ఖాళీగానే వదిలేశారు. మొయిలు తాత ఆ ఖాళీ వరస దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాడు, ఎక్కడ కురవాలో తెలియక బరువుగా కదిలిపోతాడు. మన నెత్తిమీద మబ్బు నల్లగా కమ్ముకుని, ఇప్పుడే కురుస్తుందనిపించి, కురవకుండా వెళ్లిపోతుంది చూడండి, అది ఆ వరస చదువుతున్న సమయం.

ఆ తర్వాత అక్కాచెల్లెళ్లు ఇద్దరూ కొండమ్మ కంచె దగ్గరికి వెళ్లారు. తోపు తరఫున కొమ్ముల పెద్దయ్య, మంచుదేశం తరఫున ముసలి పెంగ్విన్ ఒకటి వెంట వచ్చారు. ఇకమీదట "ఉన్నచోటే" ఎలా కుట్టాలో కొండమ్మే తీర్పు చెప్పాలన్నారు.

కొండమ్మ అంతా విని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పుకు నాలుగు ఊళ్ల పైకప్పులు లేచి కూర్చున్నాయి.

"నేను నేర్పింది పాడటం. ఆకు మీద కుట్టడం మీకు మీరు నేర్చుకున్నది. నేర్పనిదానికి నేను తీర్పు చెప్పను. ఎవరి తీరు వాళ్లు చెప్పుకోండి, విని ఊరుకుంటాను."

అక్క ముందుకు వచ్చింది.

"నేను కుడతాను కొండమ్మా. కరువులో వేరే దారి ఉండదు. కాని ఇక నుంచి పేరు, తీరు, పని, ఆకు అంటే చాలదు. తీరు తర్వాత, పాతది ఎక్కడ దాచాలో చెప్పాలి. అది చెప్పందే నా ముక్కు కదలదు."

"మరి దాచడం వద్దనుకునేవాళ్లు?" అంది పెంగ్విన్.

"ఖాళీ దొప్ప నా ముందు పెట్టాలి. లోపల ఏం లేకపోయినా సరే, దొప్ప పెట్టాల్సిందే. వద్దని వాళ్ల చేతులతో వాళ్లు ఒప్పుకోవాలి. అడగలేదన్న మాట నేనింక పడలేను."

కొమ్ముల పెద్దయ్య తల ఆడించాడు. అందరూ చెల్లెలి వైపు తిరిగారు. ఆమె ఒంటి మీద ఇంకా ఈకలు రాలేదు.

"నేను అడగను" అంది చెల్లెలు.

"ఇంత జరిగాక కూడానా?" అన్నాడు పెద్దయ్య.

"ఆ రోజు నేను అడిగి ఉంటే గవరమ్మ ఏమనేది? వద్దు, త్వరగా కుట్టమనేది. అప్పుడు ఈ తప్పంతా ఆవిడ నెత్తిన పడేది. పిల్లలు పోయినదాని నెత్తిన. అడిగి చేస్తే తప్పు వాళ్లది. అడక్కుండా చేస్తే నాది. నాది నా దగ్గరే ఉండనివ్వండి."

చెల్లెలే మళ్లీ అంది.

"మంచుదేశంలో తండ్రులు పాదాల మీద గుడ్డు పెట్టుకుని నిలబడి ఆజ్ఞ ఇస్తారు. నేను ప్రశ్న వేసి జవాబు వినేలోపు ఆ గుడ్డు గడ్డకడుతుంది. దాచమని చెబితే దాస్తాను, కాదనను. కాని ఆ చోటును తీరుకు అతికించి ఒక్క ఊపిరిలో చెప్పాలి. విడదీసి చెబితే అదే పని అనుకుంటాను. చెప్పకపోతే చెప్పలేదంతే, కుట్టేస్తాను."

అక్క చెల్లెలి దగ్గరికి జరిగి, ఈకలు లేని మెడ మీద ముక్కు ఆనించింది.

"నువ్వు చెప్పింది తప్పు కాదే. నేను మాత్రం అలా బతకలేను."

"నువ్వు చెప్పిందీ తప్పు కాదక్కా."

కొండమ్మ అన్న మాట ప్రకారం విని ఊరుకుంది. అక్క తోపు దారి పట్టింది. చెల్లెలు మంచు దారి పట్టింది. తర్వాత కుండెడు ఏళ్లు గడిచాయి. వాళ్ల పిల్లలు, పిల్లల పిల్లలు, ఎవరి అమ్మ దగ్గర వాళ్లు నేర్చుకున్నారు. ఒక్క సెడ్ పిట్టలే కాదు, వాళ్లను చూసి రెండు చోట్లా ఉన్న మిగతా ప్రాణులు కూడా, తమ తమ బాధల్ని బట్టి తమ తమ తీర్లు మార్చుకున్నారు.

అప్పటినుంచే ఒకే పేరుతో, ఒకే ఆజ్ఞతో పిలిచినా, నల్లతెర లోకంలో ఒక్కో చోట ఒక్కో తీరున పలుకుతారు. మంచుదేశంలో "సెడ్, ఉన్నచోటే" అంటే పిట్ట మారుమాట లేకుండా కుట్టేస్తుంది. అదే ఆజ్ఞ శూలాల తోపులో వినిపిస్తే, అక్కడి పిట్ట మనం చెప్పిన పనిని పాతది దాచే చోటు పేరనుకుంటుంది, ఆకు పేరును పని అనుకుంటుంది, అలాంటి పని తనకు తెలియదని ముక్కు ఎత్తి నిలబడిపోతుంది. తోపు అలవాటుతో మంచుదేశంలో ఖాళీ దొప్ప పెడితే, ఆ పిట్ట ఆ ఖాళీయే పని అనుకుంటుంది, మన పనిని ఆకు పేరనుకుని వెతుకుతుంది, అలాంటి ఆకు లేదని చెబుతుంది. ఒకటి మొండిదనీ ఒకటి తొందరదనీ తెలియనివాళ్లు తిట్టుకుంటారు. పిట్టలు మాత్రం తిట్టుకోవు. అక్క సంతతి కుట్టేముందు అడుగుతుంది. చెల్లెలి సంతతి అడగదు. కుట్టడం అయ్యాక రెండూ రెక్కలు ముడుచుకుని మౌనంగా కూర్చుంటాయి.